కార్డు మీది పేరు

మొన్న ఆదివారం పొద్దున ఒక అమ్మాయి మా ఇంటి గేటు తీసుకొని లోపలికి వచ్చింది. నిజామాబాదులో మేముండే వీధిలో ఆదివారం పూట గేటు చప్పుడైతే గ్యాసు బండ వాడైనా అయ్యుండాలి, చందా పుస్తకం వాళ్లైనా అయ్యుండాలి. ఇద్దరికీ చెప్పే మాట నా దగ్గర సిద్ధంగానే ఉంటుంది. ఈ అమ్మాయి మాత్రం చెప్పులు విడిచి, దండం పెట్టి, సంచిలోంచి అట్ట చిరిగిన పాత పుస్తకం ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. "మేడం, నా పేరు స్రవంతి. మాది రెంజల్ దిక్కు. యూనివర్సిటీల పీహెచ్‌డీ చేస్తున్న, బీడీలు చేసే ఆడోళ్ల పాటల మీద. గీ పుస్తకంల ముప్పై ఒక్క పాటలు మీ అవ్వ గంగామణి గారియే గదా. ఆమె ఫోటో ఏమన్న ఉంటే అడుగుదామని వచ్చిన. ముందు పేజీల మీ పేరున్నది. అడుక్కుంట అడుక్కుంట మిమ్మల్ని పట్టుకున్న" అంది.

ఆ పుస్తకం నాకు కొత్త కాదు. నా బీరువాలో చీరల కింద దాని జోడీ ఉంది. దాని ముందుమాటలో రచయిత్రి నాకు కృతజ్ఞతలు చెప్పింది. నా పేరు ఇంటిపేరుతో సహా ఒక్క తప్పు లేకుండా అచ్చయింది. మా అమ్మ పేరు మాత్రం గంగామణి కాదు, సాయవ్వ. ఆ మాట అక్కడికక్కడే అనేస్తే అయిపోయేది. "కూర్చో బిడ్డా, చాయ్ పెట్టుకొస్త" అని వంటింట్లోకి వెళ్లిపోయాను. ఎన్నో ఏళ్లు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి, మాట తూలిన పిల్లలను నిలబెట్టి కడిగేసిన మనిషిని, ఒక పిల్లకు జడిసి స్టవ్వు ముందు దాక్కున్నాను. వెనక నుంచి ఆ పిల్ల, ఏదో వాన వచ్చేట్టుంది అన్నంత మామూలుగా, "మా అవ్వ గూడ బీడీలే చేస్తది మేడం" అంది. ఆ వాక్యం ఒక్కసారి కూడా పైకి అనకుండా నేను నా ఉద్యోగమంతా గడిపాను.

మేము అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. అప్పట్లో మా ఇల్లు బోధన్‌లో, చక్కెర ఫ్యాక్టరీ సైరను నిద్ర లేపేంత దగ్గర్లో ఉండేది. బాపు అక్కడ చెరుకు కాంటా దగ్గర పని చేసేవాడు. ఫ్యాక్టరీ ఆడే నెలల్లో ఊరంతా చెరుకు మడ్డి వాసన. తీపిగా మొదలై గొంతులోకి వచ్చేసరికి పుల్లగా మారే వాసన అది. చెరుకు పిప్పి కాలిన మసి ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద వాలేది. చేత్తో తుడిస్తే ఇంకా పూసుకుపోతుంది కాబట్టి ఊది పోగొట్టాలని మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. బయట ఆ వాసన, ఇంట్లో బీడీలకు తడిపిన తునికాకు వాసన, తంబాకు ఘాటు. కాలేజీకి పోయే ముందు నేను జుట్టు మూడుసార్లు వాసన చూసుకునేదాన్ని. అవ్వ అది చూసి, "ఎంత కడిగినా పోదే, అన్నంల కలిసిపోయింది గది" అని నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు.

అవ్వ రోజు ఆకుతోనే మొదలయ్యేది. తెల్లారకముందే ఆకు కట్టలు తడిపి గోనెగుడ్డలో చుట్టి పెట్టేది. జొన్న రొట్టెలు, పుంటికూర అయ్యాక అరుగు మీద కూర్చొని, రేకు ముక్క కొలతగా పెట్టి ఆకు కత్తిరించేది. తర్వాత చేట ఒళ్లోకి వచ్చేది. ఆకులో చిటికెడు తంబాకు వేసి, చుట్టి, మూతి మడిచి, దారం తిప్పేసరికి ఆ చెయ్యి ఇంకో ఆకును అందుకునేది. చుట్టుపక్కల ఆడవాళ్లు నలుగురైదుగురు తమ చేటలు తీసుకొని మా అరుగు మీదికే చేరేవాళ్లు, అవ్వ పాట కోసం. పాట ఎత్తుకునేది ఆమె, అందుకునేది వాళ్లు. అడవిలో ఆకు కోసం పోయి తోవ తప్పిన కోడలి పాట ఒకటి, అత్త నిద్రపోయాక బీడీ దొంగతనంగా తాగిన ముసలమ్మ పాట ఒకటి. రెండోది వచ్చినప్పుడు పనులు ఆగిపోయేవి నవ్వుకు. ఆ పాటల్లో కొన్ని వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నవి. చాలామటుకు తనే కట్టుకున్నవి. ఎవరు కట్టారని అడిగితే మాత్రం "నోటికొచ్చినయ్" అనేది.

సాయంత్రం కట్టలు గంపలో పెట్టుకొని బీడీ కార్ఖానాకు పోవాలి. అక్కడ గుమస్తా, బీడీ పనికిచ్చిన కార్డులు చూసి ఒక్కొక్క పేరే పిలుస్తాడు. "గంగామణీ" అని పిలిస్తే మా అవ్వ "ఆఁ" అని లేచేది. గంగామణి అనే ఆవిడ మా పక్కింట్లో ఉండి, కొడుకు వ్యవసాయం పెట్టుకుంటే వర్ని అనే ఊరికి వెళ్లిపోయింది. కార్డు వదులుకుంటే మళ్లీ పుట్టదు. మా అవ్వకేమో ఎంత తిరిగినా కార్డు పుట్టలేదు. అందుకని కార్డు ఆమెది, చేతులు మా అవ్వవి. మా గల్లీలో ఇలా పక్కవాళ్ల పేరు మీద చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. గుమస్తాకు తెలుసు, అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. ఇంటి దగ్గరేమో అవ్వను పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరు. బాపుకు ఆమె "ఏమే", గల్లీకి అక్క, వదినె, నా స్నేహితులకు నా అవ్వ. అంటే ఆమె రోజు మొత్తంలో గట్టిగా వినపడే పేరు గంగామణి ఒక్కటే. ఇది నాకు అప్పుడు వింతగా తోచలేదు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఏడు మా ఇంటికి పరిశోధకుల గాలి సోకింది. ముందుగది అద్దెకిస్తామని బాపు ఎవరితోనో అంటే, ముందు ఒక చెరుకు సారు వచ్చి దిగాడు. ఆయన పేరు వేరే ఉంది కానీ మా ఇంట్లో ఆయన చెరుకు సారే. చెరుకుకు పట్టే ఎర్రకుళ్లు తెగులు ఆయన చదువు. పొలాల్లోంచి గడలు మోసుకొచ్చి, అరుగు మీద నిలువునా చీల్చి, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసేవాడు. లోపల ఎరుపు చారల మధ్య తెల్ల మచ్చలుంటే చిన్నపిల్లవాడిలా సంబరపడేవాడు. తెగులు కనిపిస్తే సంతోషపడే మనిషిని బాపు అదే మొదటిసారి చూడటం. నెల తిరక్కుండా ఆయనకు జత ఒకరు వచ్చారు. నిజాం కాలంలో కాలువలు తవ్వినప్పటి ఉర్దూ కాగితాలు చదివి చరిత్ర రాసే ఆయన, కాగితాల సారు. ముద్ర లేని కాగితాన్ని నమ్మడు. చెరుకు సారేమో కోసి చూడనిదే ఏదీ నమ్మడు. ఇద్దరూ రొట్టెలు తింటూ కొట్లాడుకునేవాళ్లు. "కాగితం రాసినవాడు అబద్ధం రాసుంటే?" అని చెరుకు సారు, "నువ్వు కోసిన గడ ఒక్కటేనా పొలమంటే?" అని కాగితాల సారు. ఆధారం అనే మాట నేను ఆ రొట్టెల పళ్లెం ముందే నేర్చుకున్నాను.

మూడో మనిషి పాటల మేడం. హైదరాబాదు నుంచి టేపు రికార్డరు పట్టుకొని వచ్చింది. ఆడమనిషి కాబట్టి ముందుగదిలో కాకుండా నా గదిలో నా పక్కనే చాప వేసుకుంది. పొద్దంతా అరుగు మీద కూర్చొని టేపు తిప్పుతూ ఉండేది. పాటలో ఒక్క మాట అర్థం కాకపోతే నన్ను పట్టుకొని పీకేది. అవ్వను ఆమె కూడా అవ్వ అనే పిలిచింది. ఈ ముగ్గురినీ చూసి మా అవ్వ ఒకనాడు రొట్టెలు వడ్డిస్తూ, "ఒగలు చెరుకుల ఎతుకుతరు, ఒగలు కాగితంల ఎతుకుతరు, నువ్వేమో నా నోట్లె ఎతుకుతున్నవు బిడ్డా. దొరికినంక ఏం జేస్తరు మీరంత?" అని అడిగింది. చెరుకు సారు, ఏ రకం గడకు తెగులు పట్టదో రైతులకు చెబుతానన్నాడు. కాగితాల సారు, కాలువ ఎవరి భూముల్లోంచి పోయిందో వాళ్ల పేర్లన్నీ రాస్తానన్నాడు. మేడం, "దాచిపెడతా అవ్వా, పోకుండా" అంది. అవ్వ "గట్లయితే మంచిగనే ఉన్నది" అని మేడంకు ఇంకో రొట్టె వేసింది.

మేడం తిరిగి వెళ్లేరోజు దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం ముద్ర వేసిన ఫారాలు తీసింది. పాట పాడినవాళ్ల పేరు, ఊరు, వయసు రాసుకోవాలట. టేపు తిరుగుతూనే ఉంది. "అవ్వా, నీ పేరు?" అని అడిగింది. అవ్వ చేతిలో బీడీ ఆగింది. ముద్ర వంక చూసింది, నా వంక చూసింది. "గంగామణి అని రాసుకో బిడ్డా" అంది. మేడం నా వైపు తిరిగి, "గంగామణే కదా?" అని అడిగింది. "ఆఁ మేడం, గంగామణే" అన్నాను నేను. మేడంను అనడానికేం లేదు. పద్ధతి తెలిసిన మనిషి. ఆ సాయంత్రమే అవ్వ వెంట కార్ఖానాకు పోయి, గుమస్తా పేరు పిలవడం, అవ్వ లేవడం స్వయంగా చూసి, పేరు సరిపోయిందని నోటుపుస్తకంలో రాసుకుంది.

మేడం బజారుకు పోయినప్పుడు నేను అవ్వను పట్టుకున్నాను. "ఎందుకు గట్ల చెప్పినవ్? ఆమె ఎవ్వరికీ చెప్పదు" అన్నాను. అవ్వ తల ఎత్తకుండానే, "కాగితం మీద పడ్డంక ఎవల చేతికి పోతదో ఎవలకెరుక? సాయవ్వ బీడీలు చేస్తదని రాస్తే, మరి గంగామణి ఏం జేస్తదని అడుగుతరు. ఆమె కార్డు పోతది, నా పని పోతది. పేరుదేముందే, పాట నాదే గదా" అంది. ఆ రోజుకు అది సబబే. ఆమె భయం ఉత్త భయం కాదు. ఆ రోజు నేను అన్న "ఆఁ" కు నన్ను నేను పెద్దగా తిట్టుకోను. తిట్టుకోవలసినవి తర్వాత ఉన్నాయి.

నేను హైదరాబాదులో పీజీ చేస్తున్నప్పుడు మేడం పుస్తకం ఇంటికి పోస్టులో వచ్చింది. సెలవులకు ఇంటికి పోతే అవ్వ దాన్ని పాత చీర ముక్కలో చుట్టి దాచి ఉంచింది. ఆమెకు చదువు రాదు. "నా పాటలు ఏడున్నయో చూపియ్యి" అంది. పేజీలు తిప్పి చూపించాను. ప్రతి పాట కింద సన్న అక్షరాల్లో పేరుంది. "గంగామణి అనే ఉన్నదా?" అని అడిగింది. ఆఁ అన్నాను. ఆకు కత్తిరించి కత్తిరించి మొద్దుబారిన వేలిని ఆ అక్షరాల మీద మెల్లగా జరిపింది. "మంచిగైంది, ఎవలకు ఇబ్బంది లేదు" అంది. వేలు తీయకుండానే, "నా పేరు రాస్తే ఎట్లుంటదే?" అంది. పరీక్షలున్నాయి, నా ముందు లావుపాటి పుస్తకమొకటి తెరిచి ఉంది. "తర్వాత చూపిస్తనే అవ్వా" అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు. అడిగి విసిగించే మనిషి కాదు. నాకు అది గుర్తు రాలేదు అనను. వచ్చింది, చాలాసార్లు వచ్చింది. రేపు చూపిద్దాం అనుకున్నాను.

తర్వాత నేను కూడా పరిశోధకురాలినయ్యాను. చెరుకు సారు పుణ్యమా అని తెగుళ్ల మీదికే మనసు పోయింది. తునికాకు మీద వచ్చే మచ్చల మీద థీసిస్ రాశాను. ఏ మచ్చ ఉన్న ఆకు చుడితే చిట్లుతుందో, ఏ మచ్చ ఉన్నా పర్వాలేదో నాకు సూక్ష్మదర్శిని చెప్పకముందే అవ్వ చెప్పింది. చూపుడువేలితో ఆకు తడిమి చెప్పేది. నేను దాన్ని "స్థానిక కార్మికుల అనుభవం ప్రకారం" అని ఒక్క వాక్యంలో రాసి ముందుకు పోయాను. గైడుకు, లాబ్ అటెండరుకు, టైపు చేసినతనికి కూడా కృతజ్ఞతలు రాశాను. మేడం అవ్వ పేరు తప్పుగా రాసింది, తెలియక. నేను పేరే రాయలేదు, తెలిసి.

ఉద్యోగం వచ్చింది. అవ్వను నిజామాబాదు తెచ్చుకున్నాను. దగ్గు ఎక్కువై ఆమె బీడీలు మానేసింది. గంగామణి వర్నిలోనే కాలం చేసింది, కార్డూ ముగిసింది. ఇంక ఎవరి పనీ పోదు, ఎవరికీ ఇబ్బంది లేదు. పాటల మేడంకు ఒక ఉత్తరం ముక్క రాస్తే సరిపోయేది. అంతెందుకు, ఆమే ఎదురైంది. హైదరాబాదులో ఒక సెమినారుకు పోతే భోజనాల దగ్గర నన్ను గుర్తుపట్టి, రెండు చేతులూ పట్టుకొని, "గంగామణి అవ్వ బాగుందా?" అని అడిగింది. చుట్టూ మా కాలేజీ వాళ్లు, పెద్ద పెద్ద ప్రొఫెసర్లు. నిజం చెప్పాలంటే మా అమ్మ ఇంకొకరి కార్డు మీద బీడీలు చుట్టిందని వాళ్ల ముందు చెప్పాలి. నాకు సిగ్గయింది. ఇంకో మాట లేదు, సిగ్గే. "బాగుందండీ" అన్నాను. ఆమె సంతోషపడి పళ్లెంలో తీపి వడ్డించింది. తర్వాత కొన్నాళ్లకు మేడం పోయిందని పేపరులో చూశాను. అవ్వ అంతకు ముందే పోయింది, తన పేరు చూడకుండానే.

చాయ్ పొంగి స్టవ్వు మీద పడింది. తుడుచుకొని, రెండు కప్పులు పట్టుకొని ముందుగదిలోకి వచ్చాను. కప్పు ఆ పిల్ల చేతికిచ్చి, కూర్చొని, ఒక్క గుక్కలో చెప్పేశాను. గంగామణి మా అవ్వ కాదని, కార్డు సంగతి, ఫారం సంగతి, నేను అన్న "ఆఁ" ఒక్కటి తప్ప అన్నీ. స్రవంతి ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆమె చాయ్ ఊదుకుంటూ తలూపింది. "మా దిక్కు గూడ ఉంటుండె మేడం గట్ల. మా పెద్దమ్మ పన్నెండేండ్లు ఇంకొకామె పేరు మీదనే చేసింది" అంది. ఇన్నేళ్లు నేను గుండెల మీద మోసిన బండను ఆ పిల్ల అట్లా చేత్తో తీసి పక్కన పెట్టింది. కానీ వెంటనే ముఖం చిన్నబుచ్చుకుంది. "చిక్కేందంటే, పుస్తకంల గంగామణి అనే ఉన్నది. కార్ఖానాల గూడ గదే పేరుంటది. మా సార్లు ఆధారమేది అంటరు. మీ దగ్గర ఏమన్న ఉన్నదా మేడం? కాగితమో, ఫోటో వెనక రాసిందో?"

వెతకాల్సిన పని లేదు. రేషను కార్డు మీద సాయవ్వ ఉంది, అందులో పాట లేదు. పుస్తకంలో పాట ఉంది, అందులో సాయవ్వ లేదు. కాగితాల సారు ఉంటే ముద్ర ఏదీ అనేవాడు, చెరుకు సారు ఉంటే కోసి చూపించు అనేవాడు. "టేపు ఉంటే..." అని ఏదో అనబోయాను. "టేపులు ఉన్నయి మేడం, అన్నీ కంప్యూటర్ల ఎక్కించిండ్రు" అని ఆ పిల్ల ఫోను తీసింది.

ముందు గరగర. దాని వెనక కత్తెర చప్పుడు, ఎవరో పిల్లను కసిరిన మాట, దూరంగా ఫ్యాక్టరీ సైరను. ఆ ఫ్యాక్టరీ మూతపడి ఎంత కాలమైందో. మొన్న బోధన్ పోతే కాంటా ఉండే చోట పిచ్చి కంపలు నా ఎత్తు పెరిగి ఉన్నాయి, గాలిలో ఏ వాసనా లేదు. ఫోనులో మాత్రం ఆ సైరను మోగింది. తర్వాత అవ్వ గొంతు, ముసలమ్మ దొంగ బీడీ పాట, చివర అందరి నవ్వు. నేను మంచినీళ్ల కోసం లేవబోయాను. "ఆగండ్రి మేడం, ఇంకొంచెం ఉన్నది" అంది స్రవంతి. ఫోనులో పాటల మేడం గొంతు పేరు అడిగింది. టేపు గరగర ఒక్కటే వినపడింది. "గంగామణి అని రాసుకో బిడ్డా." "గంగామణే కదా?" వెంటనే, తడుముకోకుండా, ఒక పడుచు గొంతు: "ఆఁ మేడం, గంగామణే."

"గీ పిల్ల ఎవరో తెలుస్తలేదు మేడం. వేరే ఆడ గొంతు అని రాసుకున్న. సాక్ష్యం చెప్పింది ఈమెనే గదా" అంది స్రవంతి.

"అది నేనే" అన్నాను.

ఆ పిల్ల ఫోను ఆపి నా ముఖంలోకి చూసింది. ఒక తెల్లకాగితం తీసి, జరిగింది రాసి సంతకం పెట్టమంది. పాటల కింద పేరు మార్చడానికి సార్లు ఒప్పుకోకపోవచ్చునని, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో మాత్రం "కూతురు చెప్పిన ప్రకారం" అని తప్పకుండా వేస్తానని చెప్పింది. నేను రాసిచ్చాను. నా సంతకం ఎప్పటిలాగే పెద్దగా, వంకర లేకుండా వచ్చింది. ఆమె తన నోటుపుస్తకం తెరిచి, పెన్ను తీసి, అవ్వ పేరు రాసుకొని, నా వైపు తిప్పి, "గిట్లనే గదా మేడం?" అని అడిగింది.

సాయవ్వ. నేను ఆ అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా జరిపాను, అవ్వ ఆనాడు గంగామణి పేరు మీద జరిపినట్టే. రాయడానికి ఆ పిల్లకు అర నిమిషం కూడా పట్టలేదు.